మొక్కిన జుట్టుకు కత్తెర

మే నెల, ఆఖరి ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. సూర్యాపేటలో మా ఇల్లు. హాజరైనవారు: నేను, నాలుగేళ్ల మనవరాలు హాసిని, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెన, కొబ్బరినూనె సీసా. నా మీసాల కత్తెర తర్వాత వచ్చింది.

ఆనాటి డైరీలో నేను రాసింది మాత్రం రెండే మాటలు: "విశేషం లేదు."

సర్వేయరుగా పనిచేసినవాణ్ని. జానెడు తేడా వచ్చినా మళ్లీ గొలుసు లాగి కొలిచేవాణ్ని. నలభై ఏళ్ల డైరీల్లో తెలిసి రాసిన అబద్ధం ఇదొక్కటే. ఏడేళ్లు ఆ రెండు మాటలు నా మీద బరువుగా ఉన్నాయి. మీకు చెప్పుకుంటున్నాను.

హాసిని పుట్టువెంట్రుకలు గుట్ట మీది దేవుడికి మొక్కినవి. అయిదో ఏట తీయిస్తానని మా ఆవిడ మొక్కుకుంది. అందాకా కత్తెర తగలకూడదు. నడుము దాకా జుట్టు, చూస్తుండగానే చిక్కుపడే జుట్టు. మా కోడలు సునీత రోజూ అరగంట దువ్వి రెండు జడలు బిగించి వేసేది. ఆ రోజు సునీత కోదాడలో పుట్టింట్లో ఉండిపోతే, పిల్లను బస్సులో నేను తీసుకొచ్చాను. కిటికీ పక్క సీటు.

"తాతా, జడలిప్పు. జుట్టు ఎగరాలె."

ఇప్పాను. దారి పొడుగునా అది నవ్వింది, నేనూ నవ్వాను. అంత మంచి ప్రయాణం నా డైరీల్లో ఇంకోటి లేదు. దిగేటప్పుడు ఆ తలను చూసి కండక్టరు కూడా జాలిపడ్డాడు.

ఇంటికొచ్చి పద్ధతిగా మొదలుపెట్టాను. తలను నాలుగు భాగాలు చేసి, మూడింటికి క్లిప్పులు పెట్టి, కొసల నుంచి పైకి దువ్వాను. మూడు భాగాలు లొంగాయి. నాలుగోదానిలో, ఎడమ చెవి వెనక, నిమ్మకాయంత ఉండ. నూనె తాగింది గానీ కదల్లేదు. ఆరింటికి మా ఆవిడ వేములపల్లి నుంచి వస్తుంది. జడలెవరిప్పారని అడుగుతుంది. నేను దేనికి భయపడ్డాను? పిల్ల ఏడుపు చూడలేకే చేశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. పిల్ల అప్పటికే ఏడుపు మానేసి బిస్కెట్టు తింటోంది.

కత్తిరించాను. ఉండను కాగితంలో చుట్టి డైరీలో పెట్టాను. మిగతా జుట్టుతో ఆ చోటు కప్పి జడలు వేశాను. ఆ వారమంతా జడలు నేనే వేస్తానని పట్టుబడితే మా ఆవిడ మురిసిపోయింది కూడా.

ఆ తర్వాతి ఆదివారం గుట్ట మీద, గుండు చేసే ఆయన తల తడుపుతూ ఆగాడు. "అమ్మా, ఈడ కత్తెర పడ్డది."

మా ఆవిడ కోడలి వైపు తిరిగింది. "పుట్టింట్ల కూసోని కత్తిరిచ్చినవా?"

"నేను కాదత్తయ్యా."

"మరి గాలికి తెగిందా?" నా వైపు తిరిగింది. "వారం రోజులు మీరే దువ్విండ్రు గద, సూడలేదా?"

"కోదాడ నుంచి వచ్చినప్పుడే గట్లున్నది," అన్నాను.

సునీత నన్ను ఒక్కసారి చూసింది. ఆ జడలు వేసి పంపింది తనే కదా. చేతిలో కొబ్బరికాయ పట్టుకుని పక్కకు తిరిగాను.

అప్పటి నుంచి పిల్లకు జ్వరమొచ్చినా, పాలు విరిగినా, మొక్కు ఖరాబు చేసిన చేతులని మా ఆవిడ సునీతను అనేది. మూడేళ్ల కిందట చిన్న మనవరాలు చిట్టి పుట్టింది. అదే జుట్టు, అదే మొక్కు. ఈసారి మా ఆవిడ దువ్వెన తన దగ్గరే పెట్టుకుంది. కన్నబిడ్డ తల దువ్వే వీలు లేక సునీత రోజూ గుమ్మంలో నిలబడి చూసేది, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. అది చూస్తూనే నేను రోజూ డైరీ ఎట్లా రాశాను?

నిన్న మధ్యాహ్నం మా అబ్బాయి కూడా మిర్యాలగూడ రైసుమిల్లు నుంచి వచ్చి ఉన్నాడు. భోజనాలయ్యాక డైరీ తెచ్చి, కాగితం విప్పి, అంతా చెప్పాను. మా ఆవిడ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. అది నేను చూడటం ఇదే మొదలు. హాసిని పకపకా నవ్వింది.

"నాకు యాదికున్నది తాతా. నన్ను ఎవ్వరడగలే!"

సునీత కంచాలు తీసుకుని లోపలికి వెళ్లింది. నేను "విశేషం లేదు" కొట్టేసి జరిగింది రాశాను. పుట చాలక అంచుల్లో కూడా రాశాను. ఏదో దించుకున్నట్టయింది.

ఈ ఉదయం చిట్టి తలను సునీత దువ్వుతోంది. దువ్వెన అడిగి తీసుకుందో, అడక్కుండా తీసుకుందో తెలియదు. మా ఆవిడ కూరగాయల మీద నుంచి తల ఎత్తలేదు.

"నాకు గుట్ట మీదే తెలుసు మామయ్యా," అంది సునీత, దువ్వడం ఆపకుండా. "ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నా."

జడలు అయ్యాక చెయ్యి చాపింది. "ఆ కత్తెర ఇటివ్వండి."

ఇచ్చాను. బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

మరి నా మీసాల సంగతేమిటని అడగడానికి ధైర్యం చాలలేదు.