బాపు ఊపిరి, ఎర్ర గీత

ఇప్పటికీ పొద్దున్నే చాయ్ పెట్టుకుంటుంటే వెనక గదిలో ఎవరో గట్టిగా ఊదిన చప్పుడు వినిపిస్తుంది. నేను వెనక్కి తిరగను. అక్కడ ఎవరూ ఉండరని తెలుసు, ఆ ఖాళీని మళ్ళీ చూడటం నాకు ఇష్టం లేదు.

మా బాపు నాచారంలో రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆయనకు ఆయాసం ముదిరింది. దవాఖానాలో డాక్టరు ఊపిరి కొలిచే గొట్టం ఒకటి ఇప్పించి, రోజూ పొద్దున్నే మూడుసార్లు ఊదమన్నాడు. ముల్లు అన్నిటికంటే ఎక్కువ దూరం పోయిన అంకె రాసుకోవాలి. అది నెల రోజులు మూడు వందలకు పైన నిలిస్తే డ్యూటీకి పోవచ్చు, పడిపోతే వెంటనే రావాలి. బాపుకు మొదటి మాటే వినిపించింది. చిల్కానగర్‌లో మా అద్దె పోర్షన్ గుమ్మంలో కూర్చుని, షిఫ్టుకు పోయే వాళ్ళను చూస్తూ ఉండేవాడు.

అప్పుడే నేను ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్ నేర్చుకుంటున్నాను. లెక్కల కోసం ఉన్న కంప్యూటర్ భాష అది. పేరుకు ఒక్క అక్షరమే గానీ, ఒక్క బ్రాకెట్టు మరిచిపోతే చాలు, ఎర్రర్ అని మీద పడేది. నేనూ తిరిగి తిట్టేదాన్ని. గ్రాఫులు గీయడానికి బాపు అంకెలే వాడుకున్నాను. పొద్దున నేను జడ వేసుకునేలోగా ఆయన లోపల ఊది, అంకె అరిచి చెప్పేవాడు. అడ్డంగా రోజులు, నిలువుగా ఊపిరి. మూడు వందల దగ్గర ఒక ఎర్ర గీత. మొదట్లో బాపు గీత దాని కింద కుంటుతూ నడిచింది. తర్వాత మెల్లగా పైకెక్కి, దాటింది. ప్రింటు తీసి తెచ్చి గోడకు అంటించాను.

"సూడు బాపూ, దాటినవ్!"

కాగితాన్ని చేత్తో తడిమి, "ఇగ డ్యూటీకి పోతా" అన్నాడు.

"నెల నిండనీ" అన్నాను.

నెల నిండకముందే క్లాసులో హిస్టోగ్రామ్ వచ్చింది. ఏ అంకె ఏ రోజుదో అది పట్టించుకోదు. దగ్గర దగ్గరి అంకెలను కుప్పలు చేసి, ఎంత కుప్పకు అంత ఎత్తు కమ్మీ నిలబెడుతుంది. బాపు అంకెలు దానికి ఇచ్చాను. తక్కువ అంకెలన్నీ పొట్టి కమ్మీలై చెల్లాచెదురుగా నిలబడ్డాయి. మూడు వందలు దాటగానే ఒకే ఒక్క కమ్మీ, కరెంటు స్తంభంలా. దాని తర్వాత ఏమీ లేదు.

సార్ వెనక నిలబడి, పైన ‘ఊపిరి’ అని రాసిన పేరూ మూడు వందల దగ్గరి ఎర్ర గీతా చూశాడు. "ఇదెవరి డేటా అమ్మా? మనిషి ఊపిరి ఇంత బుద్ధిగా ఉండదు. ఎవరో పాస్ మార్కు చూసుకుని అంకె చెప్పారు" అని నవ్వి, పక్క సిస్టం దగ్గరికి వెళ్ళాడు.

బస్సు కోసం ఆగలేదు, ఆటో ఎక్కాను. ఇంటి ముందు ఆటోను ఆగమన్నాను. బాపు గుమ్మంలోనే ఉన్నాడు. గొట్టం తెచ్చి చేతిలో పెట్టి, "నా ముంగట ఊదు" అన్నాను.

"పొద్దుగాల్ల ఊదిన గద బిడ్డా."

"మల్ల ఊదు."

ఊదాడు. ముల్లు కదిలీ కదలనట్టు కదిలి ఆగిపోయింది. మళ్ళీ ఊదాడు. ఇంకా తక్కువ. ఆయన ముల్లును చూడటం లేదు, నా మొహం చూస్తున్నాడు.

"ఫ్యాక్టరీల గూడ గంతే. తూకం గీత మీదికి జరంత రాస్తే రంగు డబ్బా పాసయితది."

"నువ్వు డబ్బావా?" అని అరిచాను. వీధంతా విన్నది. విననీ అనుకున్నాను.

అదే ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాను. ఆక్సిజన్ పెట్టారు. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని డాక్టరు నన్నే అడిగాడు. ఆయన వెళ్ళాక బాపు మాస్కు పక్కకు జరిపాడు.

"డ్యూటీ కోసం గాదు బిడ్డా. మొదటి పారి గీత దాటిందని జెప్పిన నాడు నువ్వు మస్తు సంబురపడ్డవ్. మల్ల తక్కువ జెప్పబుద్ధి గాలె."

ఆ మొదటి రోజైనా నిజంగా దాటాడా అని అడగబోయాను. నర్సు వచ్చి మాస్కు సరిచేసింది. బాపు తర్వాత మాట్లాడనే లేదు, ఆ రాత్రే పోయాడు.