మూడు వాక్యాల్లోనూ ఒకే మనిషి

ఊళ్లోవాళ్ల నోళ్లు తెరిపించడం నా వృత్తి. నా కళ్లు తెరిపించేవాళ్లే దొరకలేదు. రెండేళ్ల కిందటి ఈ సంగతిలో తెలివితక్కువవాణ్ణి నేనేనని ముందే ఒప్పేసుకుంటున్నాను.

రాజమహేంద్రవరంలో, ఓ మందుల కొట్టు మేడ మీద మా స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు. రోజుకొక ఇడియం, అంటే ఇంగ్లీషు పలుకుబడి, చెప్పి అందరిచేతా మూడేసి సొంత వాక్యాలు రాయిస్తాను. ఆ రోజు పాఠం ‘బైట్ సమ్‌వన్స్ హెడ్ ఆఫ్’. తల కొరికేయడం.

“మనం మామూలుగా ఓ మాట అడుగుతాం. అవతలివాళ్లు జవాబు చెప్పకుండా మీద పడిపోతారు. కోపం వాళ్లది, తల మనది,” అన్నాను. క్లాసంతా నవ్వింది.

సునీత గారు నోటుబుక్కు తెచ్చారు. ఓ ఆసుపత్రిలో రిసెప్షనిస్టు ఉద్యోగానికి సోమవారం ఆవిడకి ఇంటర్వ్యూ. “ఇదొక్కటీ వస్తే నా బతుకు నేను బతుకుతానండి,” అని చేరిన రోజే చెప్పారు.

కూరలో ఉప్పు సరిపోయిందా అంటే మా ఆయన తల కొరికేస్తారు. ఫ్యాను వేయమంటారా అంటే కొరికేస్తారు. అమ్మకి ఫోను చేసుకోనా అంటే కొరికేస్తారు. ఇవీ ఆవిడ వాక్యాలు.

“ఏంటండీ, మూడింట్లోనూ ఒకే మనిషా? మార్చండి.”

“మా ఇంట్లో ఇంకెవరూ లేరండి.”

“అయితే ఆయన్నే ఓసారి పట్టుకురండి. బోర్డు పక్కన నిలబెట్టి పాఠం చెప్పేద్దాం!”

మళ్లీ అందరూ నవ్వారు. ఆవిడా నవ్వారు.

మర్నాడు ఆ మూడూ కొట్టేసి ఉన్నాయి. వాటి కింద కొత్త వాక్యాల్లో కొరికేవాళ్లు కండక్టరు, పక్కింటావిడ, మేనేజరు. ఎర్ర పెన్నుతో ‘వెరీ గుడ్’ అని రాశాను. వాక్యం చదివాకే పెన్ను మూత తీయాలని ఇప్పుడు తెలుసు. ఆవిడ పుస్తకం నా బల్ల మీదే వదిలేసి వెళ్లారు. మళ్లీ రాలేదు.

సోమవారం పొద్దున్నే ఆయన వచ్చాడు.

“నమస్కారమండి మాస్టారూ. సునీత వాళ్లాయన్నండి. తనింక రాదండి. పుస్తకం ఇక్కడుందంటండి, ఇప్పిస్తారా?”

మాటకో ‘అండి’. ఈయనేనా అనిపించింది.

“ఇవాళ ఆవిడకి ఇంటర్వ్యూ కదండీ?” అన్నాను.

“నీకెందుకయ్యా మా ఇంటి గొడవ? నాలుగు ముక్కలు చెప్పుకు బతికేవాడివి, నోర్మూసుకు కూర్చో!” బల్ల మీద అరచేత్తో కొట్టాడు. నేను కోరినట్టే, సరిగ్గా బోర్డు పక్కన నిలబడి.

కొట్టేసిన వాక్యాలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. అతనికి కనబడకుండా పుస్తకాన్ని సొరుగులోకి తోసి, “పుస్తకం ఇక్కడ లేదండి,” అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది.

“మీ ఆవిడ మా క్లాసులో ఫస్టండి. తెలివిలో మీరు ఆవిడ కాలిగోటికి చాలరు.”

అతని మొహం మాడిపోయింది. నా కడుపు చల్లబడింది. తిరిగి ఒక్క మాటా అనకుండా మెట్లు దిగాడు.

నా మీద చూపించకుండా ఆ కోపాన్ని ఇంట్లో ఎవరి తల మీదకి పట్టుకెళ్తున్నాడో కింద బండి స్టార్టయ్యాక తెలిసింది. పరిగెత్తుకుని దిగేసరికి సందు మలుపు తిరిగిపోయాడు.