గౌరికి మేం నేర్పిన భయం

కొత్త నూలు చీర మడత విప్పితే వచ్చే గంజి వాసనకు నేను ఇప్పటికీ ఒక్క క్షణం ఆగిపోతాను. పోయిన నెల హైదరాబాదులో చేనేత ఎగ్జిబిషనుకు పోయి కోడలికి చీర ఎంచుతుంటే, అమ్మేవాడు మడత విప్పి నా చేతిలో పెట్టగానే ఆ వాసన తగిలింది. ఎమ్మిగనూరులో మేమున్న మగ్గాల వీధి కళ్ల ముందుకు వచ్చింది. పొద్దు పొడవగానే వీధి పొడవునా గుంజలకు సాగదీసి కట్టిన నూలు పోగుల పడుగులు, కుంచెలతో వాటికి గంజి పూస్తూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచే ఆడవాళ్లూ మగవాళ్లూ, ఆ పడుగుల కింద వంగి దూరి బడికి పరుగెత్తే మేము, ఇంటింటి నుంచీ వినిపించే మగ్గాల చప్పుడు, ఆ చప్పుడుకు తగ్గట్టు తల ఊపుతూ మా అరుగు మీద కూర్చున్న ఒక పసిపిల్ల. ఆ పిల్ల మా ఇంట్లో రెండేళ్లకు పైగా పెరిగి వెళ్లిపోయింది. ఆమె సంగతి నా బిడ్డలకు కూడా నేను ఏనాడూ చెప్పలేదు. మరిచిపోయి కాదు, సిగ్గుపడి.

డెబ్బయ్యో దశకం చివరి రోజులు. నాయన హైస్కూల్లో తెలుగు అయ్యవారు. ఇంట్లో నాయన, అమ్మ, నాయన తల్లి అవ్వ, నేను. నా తర్వాత అమ్మకు బిడ్డలు నిలవలేదు. నా పదో ఏట కాన్పుకని ఆదోని ఆసుపత్రికి పోతే మగబిడ్డ చచ్చి పుట్టాడు. అమ్మ పాలు కట్టి, జ్వరంతో గోడ వైపు తిరిగి పడుకొని ఉంటే, పక్కనే ఉన్న అనాథ పిల్లల ఆశ్రమం నుంచి పెద్ద సిస్టరు పది రోజుల ఆడబిడ్డను గుడ్డలో చుట్టుకొని వచ్చింది. బిడ్డకు డబ్బా పాలు పడడం లేదు, వాంతి చేసుకుంటోంది. "రెండు నెలలు నీ దగ్గర ఉంచుకోమ్మా, ఈ బిడ్డ బతుకుతుంది" అంది. అమ్మ ఇటు తిరిగి చేతులు చాచింది.

ఆ బిడ్డను తీసుకొని అమ్మ బస్సు దిగింది వినాయక చవితి ముందరి రోజు, గౌరి పండగ నాడు. అవ్వ గడపలోనే నిలబడి, "ఎవురు కన్నారో, ఏమి కులమో, నడింటి వరకే. వంటింట్లేకి మాత్రము తేవద్దు" అంది. ఆ మాట అన్న అవ్వే మూడో రోజుకు బిడ్డకు గౌరి అని పేరు పెట్టింది. ఆరో నెలకు ఆ నియమం కూడా గాలికి పోయింది. వంటింట్లో పీట మీద కూర్చొని, జొన్నరొట్టెను పాలలో మెత్తగా పిసికి, ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ వేలితో గౌరి నోట్లో పెట్టేది అవ్వ. నాకు అట్లా పెట్టిన గుర్తు లేదు.

గౌరి ఎవరు చేతులు చాచినా నవ్వి వచ్చేసేది. పడుగులు వేసే వాళ్లు, పెరుగమ్మే ఆమె, నాయనకు చుట్టాలు, జాతరలో బత్తాసులు అమ్మే ముసలాయన, ఎవరి చంకలో ఉన్నా ఆ పిల్లకు ఒకటే. అందరూ ఆమెను "నవ్వుల గౌరి" అనేవాళ్లు.

రెండు నెలలు అన్నది ఎనిమిది నెలలైంది. అప్పుడు పెద్ద సిస్టరు కబురు పంపింది, స్వీడన్ దేశంలో ఉండే భార్యాభర్తలు గౌరిని పెంచుకోవడానికి ఒప్పుకున్నారని, కాగితాలు పూర్తయ్యేదాకా బిడ్డ మా దగ్గరే ఉండాలని. నాయన అట్లాసు తెరిచి ఆ దేశాన్ని నాకు చూపించాడు. మా ఊరి నుంచి జేన చాచినా అందనంత పైన ఉంది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎదురుచూడడమే కాపురమైంది. కర్నూలు కోర్టులో వాయిదా పడిందని ఒక ఉత్తరం, పాస్‌పోర్టుకు ఏదో కాగితం తక్కువైందని ఒక ఉత్తరం. వచ్చే నెల పోతుంది కదా అని గౌరికి కొత్త గౌను కుట్టించకపోవడం, నెల దాటిపోయి పండగ వచ్చి, నా పాత పరికిణీ కత్తిరించి అమ్మ హడావిడిగా కుట్టడం. పుట్టెంట్రుకలు తీయించడానికి లేదు, చెవులు కుట్టించడానికి లేదు, బిడ్డ మనది కాదు. ఉగాదికి ఓళిగలు చేస్తూ, చలికాలంలో అనపకాయలు ఉడకేస్తూ, ఎండాకాలం కలింగరి కాయ, అదే పుచ్చకాయ, కోస్తూ, "వచ్చే యేటికి ఈ పిల్ల యాడ ఉంటాదో" అనేది అవ్వ. అమ్మ ఆ మాటకు లేచి పెరట్లోకి పోయేది. అరుగు మీద మేం అచ్చనగండ్లు ఆడుతుంటే గౌరి మధ్యలోకి వచ్చి కూర్చొని రాళ్లన్నీ ఒళ్లో వేసుకునేది. నేను ఆట పోయిందని అరిచేదాన్ని, మళ్లీ ఆ పిల్లనే ఎత్తుకొని తిరిగేదాన్ని.

మాటలు వచ్చే వయసులో గౌరి అమ్మను "అమ్మా" అంది. పెద్ద సిస్టరు అది కూడదంది. రేపు పిల్లకే కష్టం, అత్త అని నేర్పించమంది. చాలా రోజులు అమ్మ గౌరిని ముందు కూర్చోబెట్టుకొని "అత్తా అను. అత్త" అని నేర్పింది. గౌరి నవ్వుతూ "అమ్మ" అనేది. చివరకు ఒకరోజు "అత్త" అంది. అమ్మ "బంగారు తల్లీ" అని ముద్దుపెట్టుకొని, ముఖం కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత విదేశం నుంచి మూడు ఫోటోలు వచ్చాయి. రంగు ఫోటోలు. ఎర్రటి జుట్టు, ముఖం నిండా సన్నటి గోధుమరంగు మచ్చలు, పెద్ద నవ్వు ఉన్న ఒకామె, పక్కన పొడుగాటి మనిషి. రోజూ వాటిని గౌరికి చూపించి, ఈమె అమ్మ, ఈయన నాన్న అని చెప్పాలి. ఆ పని నాది. కొన్నాళ్లు బుద్ధిగానే చేశాను. గౌరి ఆమె ముఖానికి ముద్దుపెట్టి "అమ్మ" అనేది.

కోర్టు ఉత్తర్వు వచ్చిందన్న కబురు మట్టెద్దుల అమావాస్య నాడు తెలిసింది. పొద్దున్నే మేం చెరువు మట్టి తెచ్చి ఎద్దులు చేసి, కొమ్ములకు జొన్న పుల్లలు గుచ్చి, పసుపూ కుంకుమా పెట్టాం. గౌరి ఒక ఎద్దు తోక కొరుక్కు తిన్నది. నాయన బడి నుంచి వచ్చి ఆ మాట చెప్పాడు. దీపావళి దాటినాక వాళ్లు వచ్చి తీసుకుపోతారు. సాయంత్రం నేను ఫోటో తీశాను. గౌరి అలవాటుగా ముద్దుపెట్టి "అమ్మ" అంది. వంటింటి గడపలో అమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. చేట ఆగింది. అమ్మ తల ఎత్తలేదు. నేను గౌరి గౌను కింద చెయ్యి పెట్టి తొడ మీద గట్టిగా గిల్లి, ఫోటో చూపిస్తూ "బూచి! గిల్లుతాది!" అన్నాను.

ఆ రోజుతో ఆపి ఉంటే కోపంలో చేశానని చెప్పుకునేదాన్ని. ఆపలేదు. రోజూ ఫోటో, రోజూ గిల్లడం. పది రోజులు తిరగకముందే ఫోటో చూస్తే గౌరి నవ్వు ఆగిపోయింది. శ్రావణమాసం వచ్చేసరికి ఫోటోలున్న అలమారా వైపు కూడా పోయేది కాదు. పిల్ల పోనని మొండికేస్తే వాళ్లే విసుగొచ్చి వదిలేసి పోతారనుకున్నాను. పదకొండేళ్ల బుర్రకు అది చాలా తెలివైన ఆలోచనగా తోచింది.

"పటము సూపిచ్చినావా పద్దీ?" అని అమ్మ రోజూ అడిగేది.

"ఆ, సూపిచ్చినామ్మా" అనేదాన్ని. అబద్ధం కూడా కాదు.

వాళ్లు దీపావళి తర్వాత రెండో వారంలో వచ్చారు. ఇల్లంతా అలికి, అవ్వ పట్టుచీర కట్టుకొని, నాయన ఉగ్గాని బజ్జీ తెప్పించి ఎదురుచూశాం. పెద్ద సిస్టరుతో పాటు భర్తను వెంటబెట్టుకొని లోపలికి వచ్చిన ఫోటోలోని ఆమె, కుర్చీ వేస్తే వద్దని చెప్పి గౌరికి కొంచెం దూరంగా నేల మీద కూర్చుంది. ఎండకు ముఖం కందిపోయి ఉంది. చేతిలో ఒక చిన్న పుస్తకం, అందులో తెలుగు మాటలు వాళ్ల అక్షరాల్లో రాసుకొని ఉన్నాయి. పుస్తకంలోకి ఒకసారి చూసుకొని, రెండు చేతులూ చాచి, "రా కన్నా. అమ్మ వచ్చింది" అంది. ఎన్ని నెలలు నేర్చుకుందో ఆ రెండు మాటలూ.

గౌరి ఆ ముఖం వైపు చూసింది. అంత భయం పసిపిల్ల ముఖంలో నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. కెవ్వుమని అమ్మ కాళ్లకు చుట్టుకొని, రెండు చేతులతో తొడలు మూసుకొని, "గిల్లద్దు! గిల్లద్దు!" అని ఏడ్చింది.

నేల మీద కూర్చున్న ఆమెకు అర్థం కాలేదు. చాచిన చేతులు అట్లాగే ఉన్నాయి. పెద్ద సిస్టరుకు అర్థమైంది. గౌరి గౌను ఎత్తి చూసింది. ఆకుపచ్చగా, నల్లగా మచ్చలు.

"ఎవరు చేశారిది?" అంది.

నేను తలుపు చాటున ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

"నేనే సిస్టర్" అంది అమ్మ.

నాయన నివ్వెరపోయి అమ్మను చూశాడు. పెద్ద సిస్టరు అమ్మను ఎక్కువేమీ అనలేదు. "పాలిచ్చి బతికించావని నమ్మాను. నీ దగ్గరే ఉంచుకోవడానికి పసిదాన్ని ఇట్లా చేస్తావా?" అని, అప్పటికప్పుడే గౌరిని ఎత్తుకొని కారెక్కింది. వారం రోజులు వాళ్లు మా ఇంటికి వచ్చి పోతూ బిడ్డను మెల్లగా మాలిమి చేసుకోవాలన్నది ముందటి మాట. అది పోయింది. అమ్మ ఆశ్రమం గడప తొక్కకూడదంది. వీధిలో పడుగులు వేసే వాళ్లంతా పని ఆపి చూస్తుండగా, గౌరి "అమ్మా" అనీ కాదు, నేర్పిన ప్రకారం "అత్తా, అత్తా" అని ఏడుస్తూ పోయింది.

రెండు రోజుల తర్వాత గౌరి బట్టలు ఇవ్వడానికి నాయన ఆదోని పోయి వచ్చాడు. అమ్మ అడగలేదు, అవ్వ అడిగింది. నాయన చెప్పులు విడుస్తూ చెప్పాడు: "పిల్ల అన్నము తినడము లేదు. ఆయమ్మ మొగము సూస్తే సాలు, అరుస్తాంది. అందుకని ఆయమ్మ పొద్దుగూకులు పిల్లకు ఈపు తిప్పి కూకోనుంది. అన్నము గిన్నె ఎనక్కి తోస్తాంది, తిరిగి సూడకుండా."

వీపు తిప్పి కూర్చున్న ఆ మనిషిని నేను చూడలేదు. అయినా ఇన్నేళ్లుగా నాకు ఎక్కువగా కనిపించేది ఆమే. ఎనిమిదో రోజు గౌరి మెల్లగా వెళ్లి వెనక నుంచి ఆ ఎర్ర జుట్టు పట్టుకుందట. ఆ తర్వాత రెండు రోజులకు వాళ్లు రైలెక్కారు. మమ్మల్ని స్టేషనుకు రావద్దన్నారు.

ఆరు నెలలకు ఆమె ఉత్తరం రాసింది. నాయన చదివి తెలుగులో చెప్పాడు. గౌరి బాగుంది, మంచులో ఆడుతోంది, నవ్వుతోంది. బిడ్డకు పాలిచ్చినందుకు అమ్మకు నమస్కారాలు. ఒక్క సంగతి మాత్రం తమకు అర్థం కావడం లేదట, ఫోటో కాగితం ఏది చూసినా పిల్ల ఏడుస్తుంది, అందుకని ఇంట్లో ఫోటోలన్నీ తీసేశారు, ఫోటో పంపలేనందుకు క్షమించాలి. అమ్మ ఆ ఉత్తరం చేతిలోకి తీసుకొని, చదవడం రాకపోయినా చాలాసేపు చూసి, తీసుకుపోయి నీళ్ల పొయ్యిలో పెట్టింది. దాంతో చిరునామా కూడా పోయింది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగని ఏడాది అది.

నేను అమ్మకు నిజం చెప్పింది నాకు నలభై ఏళ్లు దాటాక, ఆదోనిలో చివరి రోజుల్లో అమ్మ మంచం పట్టి ఉన్నప్పుడు. ఏడుస్తూ చెప్పాను, నా తప్పు నువ్వు మోశావు అని. అమ్మ నా చెయ్యి పట్టుకొని, "నీ కోసరము అబద్దమాడినా అనుకుంటివా?" అంది. "రోజూ పాపకు నీళ్లు పోసింది నేనే కదమ్మా. ఆ మచ్చలు సూడనా? మొదటి రోజే సూసినా. నీకు వద్దని సెప్పలేదు. పోనీలే, బయపడితే నా దగ్గరే ఉండిపోతాదేమో అనుకున్యా. అబద్దము యాడుంది?"

అమ్మ పోయాక నేను ఒకసారి ఆశ్రమం వెతుక్కుంటూ పోయాను. ఆ చోట ఇప్పుడు అంగళ్లు ఉన్నాయి. అడిగితే ఎవరికీ తెలియదు. పెద్ద సిస్టరు ఎప్పుడో కాలం చేసింది. ఎమ్మిగనూరులో మా వీధిలో మగ్గాలు నాలుగో ఐదో మిగిలాయి, పడుగులు వీధిలో వేయడం మానేసి చాలా కాలమైంది. గౌరికి వాళ్లు ఏ పేరు పెట్టుకున్నారో నాకు తెలియదు. ఇప్పుడామెకు యాభైకి దగ్గర పడి ఉంటుంది. మొదటి రోజు తల్లిని చూసి ఏడ్చిన మొండి పిల్లనని తన గురించి తాను అనుకుంటూ ఉంటుందేమో. బిడ్డకు తాను నచ్చలేదని ఆ తల్లి ఎన్నాళ్లు బాధపడిందో. అది నిజం కాదు. ఆ పిల్ల ఎవరు చేతులు చాచినా నవ్వి పోయేది. ఆ భయం ఆమెది కాదు, మేం నేర్పింది. ఆ మాట చెప్పగలిగిన వాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. ఎక్కడికి చెప్పి పంపాలో తెలియదు.