దిగినోడే పలకాల

మేస్త్రి మావ గుంటలో ఉండగానే ఎలివేటరు వేశారు. వేసేముందు పిలవలేదు. ఫోనులో అడిగారు, ఫోనులోనే సరే అన్నారు. సరే అన్నవాళ్లలో ఒక్కడు కూడా గుంట దగ్గర లేడు. గుంటలో ఉన్న మనిషి చేతిలో ఫోను లేదు.

పోయిన బుధవారం మధ్యాహ్నం, టీ తాగాక జరిగింది. నరసన్నపేట అవతల హైవే పక్కనున్న రైస్‌మిల్లు మాది. ఆస్పత్రి దాకా కూడా ఆగలేదు మావ ప్రాణం. మర్నాడు మిల్లు గేటు మీద నోటీసు అతికించారు. ఫోను దగ్గర ఉంచుకోకపోవడం వల్ల జరిగిన ప్రమాదమట. చచ్చిపోయిన మనిషి మీదే తప్పు రాశారు. ఆ ముక్క చదివాకే ఇది రాయడానికి కూర్చున్నాను. మిల్లుల్లో పనిచేసేవాళ్లు చదవండి, వాళ్ల ఇళ్లల్లో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా చదవండి.

ఆయన నాకు చుట్టం కాదు. మిల్లులో అందరికీ మావే. నేను పనిలో చేరిన రోజు బస్తా ఎత్తడం నేర్పలేదు, ముందు గుంట దగ్గరికి తీసుకెళ్లాడు. లారీలోంచి ధాన్యం ఆ గుంటలో పడుతుంది. అడుగునున్న ఎలివేటరు డబ్బాలు దాన్ని తోడి పైకి మోస్తాయి. గడ్డో తాడో చిక్కుకుంటే డబ్బాలు ఆగిపోతాయి. అప్పుడు మోటారు ఆపించి ఒక మనిషి దిగి చేత్తో లాగాలి. మళ్లీ మోటారు వెయ్యాలంటే ఒకటే పద్ధతి. స్విచ్చి దగ్గరి మనిషి గుంట అంచుకొచ్చి కేకెయ్యాలి. దిగినవాడు పైకొచ్చి, ఎదురుగా నిలబడి, వచ్చేశానని నోటితో చెప్పాలి. అప్పుడే చెయ్యి స్విచ్చి మీదకి పోవాలి. మావకంటే ముందున్న మేస్త్రీల కాలం నుంచీ వస్తున్న పద్ధతి ఇది.

“దిగినోడే పలకాలిరా,” అన్నాడు. “వోడి తరపున వోడి బాబొచ్చి సెప్పినా వినీకు.”

మావని దేవుణ్ణి చేసి రాయను. ఆయనకీ ఫోను పిచ్చి పట్టింది, అందరికంటే ముందు పట్టింది. డేటా చవకైన ఏడాది కూతురు టచ్ ఫోను కొనిచ్చింది. ఇక తప్పెటగుళ్ల ఆటల వీడియోలే వీడియోలు. అన్నం గిన్నెకి చీమలు పట్టినా తల ఎత్తేవాడు కాదు. శ్రీకాకుళంలో బస్సెక్కి, నరసన్నపేటలో దిగాల్సిన మనిషి టెక్కలిలో దిగాడు. ఆ ముచ్చట మిల్లంతా నెలల తరబడి నవ్వుకుంది. ఎవరు ఏ ఊరు బయల్దేరినా, “మావా, టెక్కలి టికెట్టు తియ్యమంటావేటి?” అని ఏడిపించేవాళ్లం. ఆయనా నవ్వేవాడు.

ఆ నవ్వు ఆగిపోయిన రోజు సంగతి ఆయనే చెప్పాడు. వేసంగిలో అత్తకి జొరమొచ్చి మంచం పట్టింది. నీళ్లడిగింది. మావ ఊఁ అన్నాడు. మళ్లీ అడిగింది. మళ్లీ ఊఁ అన్నాడు. కళ్లు ఫోనులోనే ఉన్నాయి. కాసేపటికి చప్పుడైతే తల తిప్పాడు. అత్త కుండ దగ్గరికి పాక్కుంటూ వెళ్లి గడప దగ్గర పడిపోయి ఉంది.

“ఊఁ అన్నానురా నాను. నీలు ఇయ్యనేదు. అది అడిగిందని కూడా నాకు తెలీదు. మరి ఆ ఊఁ అన్నోడెవుడు?”

ఇప్పటికీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

అత్త లేచి తిరగడం మొదలెట్టాక మావ ఆమె చేత చిరిగిన గోనెలతో సంచులు కుట్టించాడు. ఒక్కొక్కరి సంచికి ఒక్కో రంగు దారం. నాది ఎర్రది. కాటా రూము గోడకి మేకులు కొట్టి వరసగా తగిలించాడు. పనిలోకి వస్తూ ఫోను అందులో వెయ్యాలి. మధ్యాహ్నం తీసుకోవచ్చు, కానీ తిని, చెయ్యి కడుక్కున్నాకే. ఇంటి దగ్గర అర్జెంటైతే ఎలాగని మేం ఎగిరిపడ్డాం. ఆయన తన పాత బటన్ ఫోను తెచ్చి కాటా గుమస్తా బల్ల మీద పెట్టాడు. ఆ నంబరు అందరి ఇళ్లల్లోనూ గోడల మీద రాయించాడు. మాలో ఒకడికి కూతురు పుట్టిన కబురు ఆ ఫోనుకే వచ్చింది. గుమస్తా మిల్లంతా వినపడేలా కేకేశాడు. మావ వాడి వీపు మీది బస్తా దించి వాణ్ణి అక్కడికక్కడే ఇంటికి తరిమాడు. అర్జెంటు కబురు ఆగదు. ఆగేది చెత్త.

మొదట్లో చాలా కష్టమైంది. మాటిమాటికీ చెయ్యి జేబులోకి పోయేది. ఫోను గోడకి వేలాడుతుంటే ఇక్కడ తొడ మీద మోగినట్టు అనిపించేది. నాకు పిచ్చెక్కుతోందని భయపడి మావతో చెప్పాను.

“నాకూ తొడ గిలగిలలాడిందిరా. నాల్రోజులు ఆడతాది, పోతాది. సుట్ట మానేసినప్పుడు సెయ్యి ఆడనేదేటి?”

పోయింది. పోయాక మధ్యాహ్నం పూట మనుషులు కనిపించారు. ఎవడింట్లో చోడంబలి పులిసిందో, ఎవడి పెళ్లాం అలిగి కన్నవారింటికి పోయిందో తెలిసింది. నా పక్కన బస్తాలు మోసేవాడికి ఒక చెవి వినపడదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. అంతకుముందు కూడా వాడి పక్కనే కూర్చుని అన్నం తినేవాణ్ణి. ఇంట్లో కూడా అలాగే చెయ్యమనేవాడు మావ. కంచం ముందు కూర్చుంటే ఫోను బియ్యం డ్రమ్ము మీద బోర్లా పడుకోవాలి. పడుకునే గదిలోకి రాకూడదు. మానెయ్యమని మాత్రం ఎప్పుడూ అనలేదు. వీడియో చూడాలనిపిస్తే అరుగు మీద కూర్చుని అదొక్కటే చూడమనేవాడు, పనిలో పెట్టుకుని చూడొద్దనేవాడు. ఆయన తప్పెటగుళ్లు చూడటం మానలేదు. ఆదివారం సాయంత్రం అరుగెక్కి, అత్తని పక్కన కూర్చోబెట్టుకుని చూసేవాడు.

కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చీరాగానే ఫోనులో మిల్లు గ్రూపు పెట్టాడు. లారీ వస్తే ఫొటో, బస్తా ఎక్కితే ఫొటో. మెసేజి పడితే అందరూ వెంటనే బొటనవేలు గుర్తు పెట్టాలి. పెట్టనివాడికి ఆ పూట గైరుహాజరు. పని చేస్తూ ఫోను చూడమని జీతమిచ్చేవాడే చెప్పాక గోనె సంచులెందుకు? పీకించి ఊక గుట్ట మీద పారేయించాడు.

మేం ఏం చేశాం? బొటనవేళ్లు పెట్టడం నేర్చుకున్నాం. చదవకుండానే పెట్టేవాళ్లం. మెసేజి మోగడం, వేలు పడటం, మళ్లీ బస్తా. మావ ఒక్కడే ఫోను ఇంట్లో వదిలి వచ్చేవాడు. ఎన్ని పూటలు గైరుహాజరు వేసినా తేలేదు. కొన్నాళ్లకి గుంట పని కూడా గ్రూపులోకి ఎక్కింది. మోటారు వెయ్యడానికి కేక అక్కర్లేదు, గ్రూపులో వేళ్లు పడితే చాలన్నారు. ఆ రోజు మావ ఆఫీసు గది గడప దగ్గర నిలబడి మేనేజరుతో మాట్లాడాడు. నేను వెనకాలే ఉన్నాను.

“బాబూ, మీ గ్రూపు మీరుంచుకోండి. గుంట కాడ మాత్రం నోటి మాట ఉంచండి. పైనున్నోడు ఏలు సూపిత్తే కిందున్నోడు బతుకుతాడేటి?”

మేనేజరు ఫోనులోంచి తల ఎత్తకుండా ఊఁ అన్నాడు.

మావ నా వైపు చూశాడు. ఆ ఊఁ ఏమిటో మా ఇద్దరికీ తెలుసు.

బుధవారం తడి ధాన్యం వచ్చింది, గడ్డి ఎక్కువ. డబ్బాలు ఆగిపోయాయి. మావ మోటారు ఆపించి దిగాడు. ఇంతలో టీ వచ్చింది. స్విచ్చి దగ్గర మనిషి మారాడు. ఆఫీసు గదిలోంచి మేనేజరు గ్రూపులో అడిగాడు, లైను వేస్తున్నాం, అంతా ఓకేనా అని. టపటపా బొటనవేళ్లు పడ్డాయి. కాటా నుంచి, గోడౌను నుంచి, గేటు నుంచి. సెలవు పెట్టి పెళ్లికెళ్లినవాడు కూడా పెళ్లి పందిట్లోంచి పెట్టాడు. స్విచ్చి మనిషి ఫోను చూశాడు. అందరూ సరే అన్నారు. నొక్కాడు. నేను లారీ మీద ఉన్నాను. చేతుల్లో బస్తా ఉంది కాబట్టి నా వేలు పడలేదు, అందులో నా గొప్పేం లేదు.

స్విచ్చి నొక్కినవాణ్ణి నేను తిట్టను. వాడు అప్పట్నుంచీ అన్నం ముట్టలేదు. వాడికి ఆ అలవాటు చేసినవాళ్లని తిడతాను.

ఆ సాయంత్రమే మావ ఫొటో గ్రూపులో పెట్టారు. నిమిషంలో దండం పెట్టే చేతులు వచ్చిపడ్డాయి. మధ్యాహ్నం వేళ్లు చూపించినవాళ్లే మళ్లీ చేతులు జోడించారు. ఆ చేతుల కిందే మేనేజరు, రేపు లోడింగు తొందరగా మొదలెట్టాలని పెట్టాడు. దానికీ బొటనవేళ్లు పడ్డాయి.

నిన్న మావ ఇంటికి వెళ్లాను. ఆయన ఫోను బియ్యం డ్రమ్ము మీద బోర్లా ఉంది. గ్రూపు ఇంకా మోగుతూనే ఉంది. అది ఎలా ఆపాలో అత్తకి తెలియదు.

“ఆయన్ని పిలుత్తన్నట్టే ఉంటాదిరా,” అంది. “పలికీవోడు నేడని ఆలకి తెలీదేటి?”

ఆపేశాను. అత్త ఒళ్లో గోనె ముక్కలు ఉన్నాయి. సంచులు మళ్లీ కుడుతోంది. ఎర్ర దారం, పచ్చ దారం, నీలం. దారం వెయ్యకుండా ఒకటి పక్కన పెట్టింది. అది ఎవరిదని నేను అడగలేదు.

మిల్లు షావుకారు గారూ, ఇక్కడి నుంచి మీకే రాస్తున్నాను. గేటు మీద నోటీసు చింపండి. మావ తప్పు లేదని పెద్దకర్మ రోజు ఆయన ఇంటి ముందు నలుగురిలో చెప్పండి. పనివేళల్లో గ్రూపు ఆపండి. మేకులు కొట్టించండి, సంచులు మేం తెస్తాం. గుంట దగ్గర పాత పద్ధతి తప్ప ఇంకేదీ ఉండదని మాటివ్వండి.

ఆదివారం పెద్దకర్మ. విస్తళ్లు వేసేలోపు జవాబు కావాలి. రాకపోతే సోమవారం మీ మిల్లులో స్విచ్చి ముట్టుకునే చెయ్యి ఉండదు, గుంటలో దిగే కాలు ఉండదు. జవాబు గ్రూపులో పెట్టకండి. మేనేజరు చేత పంపకండి. మీ మేడ మెట్లు దిగి, మా ఎదురుగా నిలబడి, మీ నోటితో చెప్పండి. ఆదివారం పొద్దున్నే గుంట అంచున నిలబడి ఉంటాం.