వంక మూల నల్లమట్టి కోసం ఎర్రగుంట్ల దాకా

మా వంశంలో మట్టి గురించి చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు మట్టిని దున్ని బతికారు కనుక వాళ్ళకు డిగ్రీ అవసరం రాలేదు. కర్నూలు పక్కనే కల్లూరులో ఒక చిన్న ల్యాబులో నీళ్ళూ మట్టీ పరీక్షిస్తానని తెలిసిన నాటి నుంచి బంధువుల్లో ఎవరి బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నా ఫోను నాకే. ఈ మే నెలలో ఆ గౌరవం శివారెడ్డి మామ రూపంలో వచ్చింది. ఎర్రగుంట్ల దగ్గర వాళ్ళ ఊరి చెరువు ఎండింది. రైతులు వంతులు వేసుకుని పూడిక మట్టి పొలాలకు తోలుకుంటున్నారు. మామ వంతుకు వచ్చింది వంక, అంటే చిన్న వాగు, చెరువులో కలిసే మూల. ఆ వంక ఎగువనే పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డొకటి కొన్నేళ్ళు నడిచి మూతపడింది. "పోయిన చలికాలం ఆ మూల చేపలు సచ్చినాయి రా అల్లుడూ. రేపే నా వంతు. వచ్చి చూసి చెప్పు, తోలాల్నా వద్దా" అన్నాడు. "చూసి" అన్న మాట దగ్గరే నాకు గుబులు పుట్టింది. సీసం కంటికి కనబడితే నా ఉద్యోగం ఎందుకు?

తెల్లవారుజామున షేర్ ఆటోలో కర్నూలు బస్టాండుకు చేరి ప్రొద్దుటూరు బస్సెక్కాను. టికెట్ మూడు వందల లోపే, ప్రయాణం దాదాపు ఐదు గంటలు. నంద్యాలలో బస్సు ఆగితే ఉగ్గాని బజ్జీ తిన్నాను గానీ రుచి గుర్తులేదు. ప్రతి స్టాపులో మబ్బు వైపూ గడియారం వైపూ మార్చి మార్చి చూడటమే సరిపోయింది. వాన పడితే ట్రాక్టర్లు దిగబడతాయి, అందుకే అక్కడ అందరికీ తొందర. నా ఒళ్ళో మూత ఉన్న ప్లాస్టిక్ కప్పులు ఒక సంచి నిండా ఉన్నాయి.

"ఏమప్పా, ఐస్‌క్రీం యాపారమా?" అన్నాడు కండక్టరు.

"కాదన్నా, మట్టి."

నేను దిగేదాకా ఆయన నన్నొక కంట కనిపెడుతూనే ఉన్నాడు.

ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్లకు మరో ఆటో. సిమెంటు లారీల వెనక పోయి, దిగేసరికి దుమ్ముకు తల నెరిసింది. మామ బైకు మీద నన్ను నేరుగా చెరువులోకే దించాడు. వంక మూలలో ట్రాక్టరు సిద్ధం. ఒక లోడు అప్పటికే ఎత్తేశారు. మట్టి కాటుకలా నల్లగా నిగనిగలాడుతోంది. మామ పిడికెడు తీసి మురిసిపోయాడు. అక్కడి లెక్క ఒకటే: ఎంత నలుపో అంత బలం. ఆ మూల కోసం ఊళ్ళో సగం మంది చీటీ వేశారట.

నేను ప్లాస్టిక్ చెంచా తీసి వంక మూలలో, చెరువు నడుమ, తూము దగ్గర, చివరగా మామ చేలో కూడా మట్టి తీసి కప్పుల్లో నింపాను. చేని మట్టితో పోల్చకపోతే చెరువు మట్టి సంగతి తేలదు.

"అప్పా, ఇంజను డీజిలు తాగుతాండాది. నువ్వు చెంచాతో చెరువంతా తోడేదాకా ఆగాల్నా?" అన్నాడు ట్రాక్టరు నడిపే దస్తగిరి.

"చెప్పు రా, మంచిదేనా?" మామ.

"ల్యాబులో చూడాల మామా. వారం పడతాది."

"వారమా! ఈలోగా వానొస్తే? వంతు ఇడిస్తే మళ్ళా ఏటికి గానీ రాదు." చేతిలో మట్టిని నలుపుతూ నా వైపు తిరిగాడు. "సరే, ఒకటి చెప్పు. ఈ మట్టి తోలిన చేన్లో పాలకూర పండించి మీ ఇంటికి పంపిస్తా. తింటావా?"

చేతిలో కప్పుకు మూత బిగించాను. "తినను మామా."

మామ చేతిలోని మట్టి రాల్చేశాడు. "దస్తగిరీ, చేన్లోకి పోవద్దు. గట్టు మీద టార్పాలిన్ పట్ట పరిచి కుప్ప పోసెయ్. పైన ఇంగో పట్ట కప్పు."

"రెడ్డీ, మట్టికి పెండ్లి పందిరి ఏస్తాండావే!" అని పక్క రైతులు నవ్వారు. నవ్వుతూనే తమ ట్రాక్టర్లను తూము వైపు తిప్పుకున్నారు.

వారం తర్వాత ఫలితం వచ్చింది. తూము దగ్గర మట్టి చేని మట్టిలాగే ఉంది. వంక మూలలో సీసం దానికి ఎన్నో రెట్లు. ఫోనులో చెప్పాను. మామ గెలిచినట్టూ ఓడినట్టూ కాకుండా, "అయితే ఆ కుప్ప యాడ పోయాల?" అన్నాడు. చెరువులోనే వేస్తే వాన తీసుకుపోతుంది, చేన్లో వేస్తే పంట తీసుకుంటుంది, రోడ్డు పక్కన వేస్తే పిల్లలు ఆడుకుంటారు. అడుగున నీరు దిగని గుంత కావాలి, అది తవ్వించే అధికారి కావాలి. అర్జీ పెట్టాం. చదువుకునేటప్పుడు కాలుష్యాన్ని తొలగించడం అంటే తీసేయడమే అనుకున్నాను. తీయడానికి ఒక ట్రాక్టరు చాలు; దించడానికి చోటే లేదు. ఇప్పుడు నేను కల్లూరులో కూర్చుని రోజుకు నాలుగుసార్లు ఎర్రగుంట్ల వాతావరణం చూస్తున్నాను.

చెరువు మట్టి తోలుకునే ఊరికి మీరూ కప్పులతో బయల్దేరుతుంటే ఒకే సలహా: ట్రాక్టర్ల వంతులు మొదలవడానికి కనీసం రెండు వారాల ముందే వెళ్ళండి. మా మామ కుప్ప ఇంకా గట్టు మీదే ఉంది.