ఫ్యాను కింద మంచం

ఈ సంగతి రాస్తానంటే నా భార్య, "ఏమీ జరగలేదుగా, ఏం రాస్తారు?" అంది. ఏమీ జరగలేదు కాబట్టే ఇది ఏ రికార్డులోనూ ఉండదు. అందుకే రాస్తున్నాను.

పోయిన వేసవిలో పత్తి మోడు గుచ్చుకుని కాలు వాచింది. నందిగామలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. నాకు పెన్సిలిన్ పడదు. చిన్నప్పుడొకసారి ప్రాణం మీదికి తెచ్చింది. జగ్గయ్యపేట లైబ్రరీలో ఉన్న వైద్యం పుస్తకాలన్నీ చదివినవాడిని కదా, చేరగానే ఆ ముక్క కేస్ షీటు మీద ఎర్ర సిరాతో రాయించాను. మంచం కాళ్ల వైపు ఆ షీటు వేలాడుతుంటే కొంత ధైర్యం. అయినా కుదురుండేది కాదు. ట్రాలీ చప్పుడైతే చాలు, లేచి కూర్చునేవాడిని.

మూడో రోజు పొద్దున పక్క మంచం పెద్దాయన, వత్సవాయి రైతు, "బాబూ, ఉక్కపోస్తంది. కాసేపు నీ ఫ్యాను కింద పడుకోనియ్యవా?" అన్నాడు. దిండ్లూ దుప్పట్లూ పట్టుకుని మంచాలు మారాం.

డ్యూటీ మారి కొత్త సిస్టరు వచ్చింది. నా కాళ్ల దగ్గర షీటు చూసి సిరంజి తీసింది.

"ఏ ఇంజెక్షనండి?"

పెద్దాయన భార్య నవ్వింది. "మొదలెట్టాడమ్మా! ఈ అబ్బాయి సూదిని కూడా ఊరూ పేరూ అడుగుతాడు."

"మీరేమన్నా డాక్టరా?" అంది సిస్టరు.

"కాదండి, లైబ్రరీకెళ్తా."

"అయితే రాసుకోండి, పెన్సిలిన్. పడుతుందో లేదో నిన్ననే టెస్టు చేశారుగా."

చెయ్యి లాక్కున్నాను. "నాకు పడదండీ! ఎర్ర సిరాతో రాసుంది, చూడండి."

"ఎక్కడ?" అంటూ షీటు నా ముందు పెట్టింది. ఎరుపు లేదు. వయసు డెబ్బై అని ఉంది.

నా ఎర్ర అక్షరాలు ఫ్యాను కింద, పెద్దాయన కాళ్ల దగ్గర ఊగుతున్నాయి.

సిస్టరు మొహం పాలిపోయింది. "మంచాలు మార్చుకున్నారా?"

"గాలి కోసమమ్మా," అన్నాడు పెద్దాయన, "మందు కోసం కాదు."

సిస్టరు సిరంజి ట్రేలో పెట్టేసింది. ఆమె నా పేరు అడగలేదు, నిజమే. కానీ దుప్పటి గుర్తుపెట్టుకుని తెచ్చుకున్న నేను, నన్ను కాపాడే రెండు ముక్కల్ని వేరే మంచానికి వదిలేసి వచ్చాను. అక్షరాన్ని అంత నమ్మేవాడిని!

ఆ రోజు నుంచి ప్రతి సూదికీ ముందు ఆమె "పేరు చెప్పండి" అనేది. అది విన్నాకే చెయ్యి చాచేవాడిని.

ఆ సిస్టరుకు, మర్నాడు భర్త సూది దగ్గర "ఏ ఇంజెక్షనమ్మా?" అని తానే అడిగిన పెద్దమ్మకు, గడువు దాటినా పుస్తకం వెనక్కి అడగని మా లైబ్రేరియన్ గారికి కృతజ్ఞతలు. పేర్లు రాయడం లేదు గానీ, ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను.