గరుకు చెయ్యి, మందు పట్టీ

నేను ఏడో తరగతిల బడి బందువెట్టినోన్ని. బందువెట్టకముందు గూడ నా పుస్తకానికి అట్ట నిలిచేది కాదు, తలకాయల అక్షరం నిలిచేది కాదు. "నీ చేతితోటి ఏదీ అంటుకోదురా" అని మా సారు అప్పుడే చెప్పిండు. ఆయన మాట ఎంత నిజమో పెండ్లై పిల్లలు పెద్దగైనంక, మా ఆమె వీపు మీద తేలింది.

నొప్పి పట్టీలని మా గోదావరిఖని మందుల షాపులల్ల కొత్తగ కనవడ్తున్న రోజులవి. అగ్గిపెట్టె కన్న జర పెద్దగ, తెల్లగ ఉంటది. వెనుక కాయితం పీకి అంటించుడే. మా ఆమెకు కుడి భుజం వెనుక రెక్క ఎముక కాడ నొప్పి. తెల్లారంగ నేను బొగ్గుబాయిల మొదటి షిఫ్టుకు పోవాలె. చెయ్యి గరుకుంటదని రెండు చేతులకు కొబ్బరినూనె పట్టిచ్చిన, మిగిలింది ఆమె వీపుకే రుద్దిన, దాని మీద పట్టీ అంటిచ్చిన. మస్తు పని చేసినట్టు సైకిలెక్కి పోయిన.

డ్యూటీ దిగి వచ్చేసరికి పట్టీ జారి జారి నడుము కాడికి వచ్చింది.

"నొప్పి భుజంల, మందు నడుముల. బాయిల గూడ గిట్లనే పక్కోని టబ్బుల బొగ్గు పోస్తున్నవా?" అని నవ్వింది. నవ్వితే నొప్పి లేచింది. దర్వాజ పట్టుకొని నిలవడ్డది. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలె.

దవాఖానల డాక్టరమ్మ నన్నే తిట్టింది. "నూనె మీద పట్టీ ఎట్ల నిలుస్తదయ్యా? ఒళ్ళు పొడిగుండాలె. పట్టీ ఏసినా, జెల్లు రాసినా మందు ఒకటే. రెండూ ఒక్కపారి పెట్టొద్దు. ఏది సుఖమనిపిస్తే అది." అని, అంతట్ల ఊకోకుండ పట్నం పోయి పెద్ద పరీక్షలు చేయించుకోమని రాసిచ్చింది.

పట్నంల తేలింది. అది పనిచేసి పట్టుకున్న నొప్పి కాదు. రొమ్ముల మొదలై, మాకు తెల్వకుండనే ఎముకల దాక పాకింది. వచ్చేటప్పుడు రైలుల ఆమె కిటికీ దిక్కు చూసుకుంట కూసున్నది. నేను ఎప్పటి లెక్కనే ఏదో నవ్వులాట మాట ఎతుక్కున్న. దొరకలె.

గోలీలు ఇచ్చిండ్రు. గోలీ పనిచేసినంత సేపు చేసేది. ఆ పని తగ్గినంక మళ్ళ గోలీ ఏసుకునే దాక నడుమ ఉన్న టైముకే మాకు పట్టీ, జెల్లు. పైపూత మందుతోటి జబ్బు తగ్గదని ఇద్దరికీ తెలుసు. జర సేపు పండుకుంటే చాలని మా ఆశ.

పట్టీతోటి ఒక తిప్పల. పీకేటప్పుడు తోలు ఎర్రగ లేచేది, సూదులు పెట్టి కుచ్చినట్టుందనేది. జెల్లుతోటి ఇంకో తిప్పల, అది నా చెయ్యి. మా బాయిల అప్పటికింకా బొగ్గు చేతుల్తోనే ఎత్తేది. పెళ్ళలు తట్టకెత్తుడు, టబ్బుల పోసుడు, అదే నా పని. అరచేతి పగుళ్ళల్ల బొగ్గు కూసుండి ఎంత సబ్బు రుద్దినా పోదు. నా చెయ్యి చూసి జోస్యం చెప్పాలంటే బాయి మ్యాపు చదవొచ్చినోడే కావాలె. ఆ చేతితోటి జెల్లు రాస్తే ఆమె పండ్లు బిగవట్టి, "ఓ అయ్యా, రాస్తున్నవా, చెక్కుతున్నవా?" అనేది.

అందుకే పట్టీనే నయమని నేను, లేదు జెల్లే నయమని ఆమె. "మరి గీకుతది అంటవు గదనే" అంటే, "గీకుతది. రాయి" అనేది. ఆడోళ్ళ లెక్క నాకెప్పుడు సమజైందని!

గంతల్నే తెలంగాణ కోసం బాయిలు బందువెట్టినం. టబ్బు కదల్లె, తట్ట లేవలె. పొద్దున చౌరస్తల జెండా పట్టుకొని ఒర్రుడు, ఎండ ఎక్కంగ ఇంటికొచ్చి ఆమె వీపుకు జెల్లు రాసుడు, అదే నా డ్యూటీ. దినాలు గడిచిన కొద్ది నా చేతుల మీది తోలు ఊడుడు మొదలువెట్టింది. కింద కొత్త తోలు, లేత గులాబి రంగు. నా చెయ్యి చూసుకుంటే నాకే సిగ్గయ్యేది, ఎవలిదో తెచ్చి పెట్టుకున్నట్టు.

ఒకనాడు రాస్తుంటే ఆమె, "గీకుతలేదయ్యా. క్లర్కు చెయ్యి లెక్కున్నది" అన్నది.

"ప్రమోషను వచ్చింది పిల్లా. సమ్మెల ఉన్నోనికి గూడ ఇస్తున్నరట."

"తెలంగాణ ఇచ్చే దాక గిట్లనే రాస్తవా?"

"అవ్. ఢిల్లోళ్ళు జల్ది ఇస్తే నీకే లాసు."

ఆమె మెల్లగ, "జల్ది ఇయ్యొద్దని చెప్పు మరి" అన్నది.

నేను జెల్లు ట్యూబు మూత ఎతికినట్టు చేసిన. మూత నా చేతులనే ఉండె.

ఆ యేడు బతుకమ్మ కాడికి పోతనని పట్టువట్టింది. పొయ్యే ముందు చాన సేపు రాసిన. చెయ్యి పైకి లేవలె గని, గద్దె మీద కూసుండి ఒళ్ళో చేతులు పెట్టుకొని మెల్లగ చప్పట్లు కొట్టింది. దూరం నుంచి చూసిన. ఆమె చప్పట్లు నాకు ఇనవడలె, కనవడ్డయి.

సమ్మె అయిపోయింది. తెలంగాణ రాలె, డ్యూటీ వచ్చింది. మొదటి వారంలనే చేతులు పగిలినయి, రెండో వారంల బొగ్గు పట్టింది. ఆమె ఒళ్ళేమో రోజు రోజుకు పలుచనైతున్నది. పట్టీ పీకితే రక్తం సన్నగ ఊరుడు మొదలైంది. నీళ్ళల్ల తడిపి, చిన్నగ చిన్నగ లేపినా గంతే. ఇగ పట్టీ పక్కకు పెట్టినం.

మిగిలింది నా చెయ్యే. ఉపాయం ఆమెనే చెప్పింది. "అరచెయ్యి వద్దు. తిప్పి, మీది దిక్కుతోటి రాయి." చెయ్యి ఎల్లకిల తిప్పి, వేళ్ళ వెనుక భాగంతోటి జెల్లు రాసిన. అటు దిక్కు బొగ్గు తక్వ. దినాం డ్యూటీ దిగి, స్నానం చేసి, గట్లనే రాసిన. ఎండలు ముదరకముందే ఆమె పోయింది. రెండేండ్లకు తెలంగాణ గూడ వచ్చింది. కాలనీ అంత రంగులు చల్లుకున్నది.

ఆమె పోయిన నెలనే, కర్మ అయిపోయినంక, మిగిలిన పట్టీలు పట్టుకొని పక్క క్వార్టరు అక్క కాడికి పోయిన. అక్కది రిటైరైన టీచరు పెన్షను, చర్చి పాటలు, మోకాళ్ళ నొప్పులు. నేను డ్యూటీల ఉన్నప్పుడు మా ఆమెను చూసుకునేది ఆమెనే.

"అక్కా, ఇవి నీ మోకాళ్ళకు పనికొస్తయి" అని ఇచ్చిన. ఊకె ఉంటే నేను నేనెందుకైత, "మొత్తానికి నా గరుకు చేతి నుంచి తప్పిచ్చుకున్నదక్కా మా ఆమె" అన్న.

అక్క పట్టీలు తీసుకోలె. నన్ను కింది నుంచి మీది దాక చూసింది.

"తప్పిచ్చుకున్నదా? నువ్వు బాయిల ఉన్నప్పుడు జెల్లు నేను రాస్తనని దినాం అడిగేదాన్ని. ఒక్కనాడు వీపు ముట్టనియ్యలె. నీ షిఫ్టు దిగే సైరన్ మోగితే చాలు, లేచి గోడకు ఆనుకొని కూసునేది. మెత్తటి చెయ్యి పక్కింట్లనే ఉండె తమ్మీ. ఆమె నీ గరుకు దాని కోసమే కూసున్నది."